వల తాడు కట్టు

తల కిందికీ కాళ్ళు బయటికీ పెట్టి డాష్‌బోర్డు కింద దూరితే రక్తమంతా నెత్తికి దిగి చెవుల్లో హోరు పెడుతుంది. ఆ హోరులోంచే చర్చి మైకు వినిపిస్తోంది, పాస్టరు గారు ఇంకా ప్రసంగంలోనే ఉన్నారు, అంటే నెలకోసారి పంచే ప్రభువు బల్ల రొట్టె ఇంకా విరవలేదు. ఈ నెల కూడా తప్పించుకున్నాను. ఆదివారం ఎజ్రా షెడ్డు తలుపు తీయడని రాజాంలో అందరికీ తెలుసు. తెలిసి కూడా పొద్దున్నే అసిరయ్య మావ వచ్చి గుమ్మంలో నిలబడి, "ఒరే ఎజ్రా, ఇయాల తేలిపోవాల. ఎంకీగాడు ఆపేసినాడా, బండి ఆగిపోనాదా, ఏటన్నది నువ్వే సెప్పాల" అన్నాడు. చర్చికని తొడుక్కున్న తెల్ల చొక్కా విప్పేసి గ్రీజు చొక్కా తొడుక్కున్నాను. మెర్సీ బైబిలు చంకలో పెట్టుకుని నా వంక ఒక చూపు చూసి వెళ్ళిపోయింది. నా పెళ్ళాం చూపులకి అర్థాలు ఎవరూ చెప్పక్కర్లేదు. మావ కూతురు ఉష పోయిన దగ్గర్నుంచీ ప్రభువు బల్ల దగ్గర నేను చెయ్యి చాచడం లేదని, పళ్ళెం నా వరకూ వస్తే పక్కవాడికి జరిపేస్తున్నానని ఆవిడకి తెలుసు. అయోగ్యంగా తిన్నవాడు తన శిక్ష తానే తింటాడని బైబిల్లో రాసి ఉంది. నేను యోగ్యుణ్ణో అయోగ్యుణ్ణో పాస్టరు గారు చెప్పలేరు. అది ఈ తీగల గుత్తిలో ఎక్కడో ఉంది, నా ముక్కుకి జానెడు దూరంలో.

చేప వాసన. ఎన్నిసార్లు కడిగినా పోదు. సీట్లకి కొత్త తొడుగులు వేయించినా, ముందు అద్దానికి మల్లెపూల సెంటు సీసా వేలాడదీసినా, కార్పెట్టు కింద ఐసు నీళ్ళు దిగి ఎండి ఉప్పు చారలు కట్టి ఉన్నాయి, వాటికి పొలుసులు అంటుకుని టార్చి వెలుగులో మెరుస్తున్నాయి. అసిరయ్య మావ వాళ్ళది సముద్రం ఒడ్డు ఊరు. వేట మానేసి రాజాం వచ్చి చేపల వ్యాపారం పెట్టి నిలదొక్కుకున్నాక కొన్న కారు ఇది, ఇంటికీ ఇదే, ఐసు పెట్టెలకీ ఇదే. ఉప్పు నీరు రాగికి పెద్ద శత్రువు. ప్లాస్టరు చుట్టిన జాయింటయితే ఇక్కడ రెండు వానలకి పచ్చగా చిలుం పట్టి ఊడిపోతుంది, అందుకే నేను టేపు నమ్మను. తీగలు మెలిపెట్టి, సోల్డరు పోసి, ఆ పైన వల తాడు బిగించి చుట్టి ముడి వేస్తాను. ఆ ముడి నాకు నేర్పింది ఎవరు, ఇదిగో ఈ అసిరయ్య మావే. తాడు కూడా ఆయనే ఇచ్చేవాడు, నీలం నైలాను తాడు, సముద్రంలోనే కుళ్ళనిది కారులో ఏం కుళ్ళుతుందిరా అని నవ్వేవాడు. నా కట్టు చూస్తే ఏ మెకానిక్కయినా ఇది ఎజ్రా చెయ్యి అని చెప్పేస్తాడు. ఆ పేరు ఇప్పుడు నా మెడకే చుట్టుకుంది.

ఇంజను నడుస్తోంది. ఒక్కో తీగా పట్టుకుని ఊపుతున్నాను. ఎర్ర తీగ, పసుపు తీగ, నల్లగీత ఉన్న పసుపు తీగ. ఇంజనుకి పోయే కరెంటు తీగని మధ్యకి తెగ్గోసి అలారం పెట్టె గుండా తిప్పి మళ్ళీ కలపడం, పని అంటే ఇంతే. దొంగ బండి ఎత్తుకుపోతే రిమోట్ మీద కింది బటన్ అదిమి పట్టుకోవాలి, పెట్టెలో టిక్‌మని రిలే స్విచ్చు విడిపోతుంది, సైరన్ మోగుతుంది, ఇంజను ఆగిపోతుంది. అదిమినంతసేపూ మళ్ళీ స్టార్టవదు. వదిలాకే అవుతుంది. పై బటన్ నొక్కితే దూరం నుంచే స్టార్టవుతుంది. ఇది పెట్టించమని పోరు పెట్టింది వెంకీ, మావ కొడుకు. పెట్టించాక వదలకుండా ఆడుకున్నది మాత్రం మావే. టీ కొట్టు దగ్గర నిలబడి వీధి అవతలున్న బండిని స్టార్టు చేసి, "నా బండికి డ్రైవరక్కర్నేదు, పిలిస్తే పలుకుతాది" అని జనానికి చూపించేవాడు. సైరన్ మాత్రం మూణ్ణాళ్ళ ముచ్చటే అయింది. చేపల వాసనకి పిల్లులు వచ్చి బానెట్టు ఎక్కేవి, కాకులు వచ్చి అద్దం పొడిచేవి, ఇది కుయ్యిమని మొదలెట్టేది, వీధి వీధంతా లేచి తిట్టేది. చివరికి మావ పెళ్ళాం గున్నమ్మత్త నన్ను పిలిపించి, "ఆ పీక పీకియ్యరా నాయనా, పరువు పోతన్నాది" అంటే సైరన్ తీగ నేనే పీకేశాను. ఆ రోజు ఆ సైరన్ ఉండుంటే. ఏమో. ఉండుంటే అని మొదలెడితే దానికి అంతుండదు.

తొలి కానుపుకి ఉష పుట్టింటికి వచ్చింది. ఎనిమిదో నెల నిండిందో లేదో, నొప్పుల్లేకుండా రక్తం పోవడం మొదలైంది. ఇక్కడి డాక్టరమ్మ చూసి చెయ్యి పెట్టకుండానే విజయనగరం తీసుకుపొమ్మంది. వెంకీ తోలాడు. గున్నమ్మత్త కాళ్ళు పట్టుకుని కూర్చుంది. ఎప్పుడూ ముందు సీట్లో దర్జాగా కూర్చునే మావ ఆ రోజు వెనక సీట్లోకి ఎక్కి కూతురి తల ఒళ్ళో పెట్టుకున్నాడు. చీపురుపల్లి దాటారు, గరివిడి దాటారు, గుర్ల దాటి రామతీర్థం రోడ్డు చీలే చోటుకి ఇంకొంచెం ఉందనగా ఇంజను ఆగిపోయింది. వెంకీ తాళం తిప్పాడు, తిప్పాడు. స్టార్టరు గిర్రున తిరుగుతోంది, ఇంజను అందుకోదు. అందరూ దిగి తోయడానికి లేదు, మావ ఒళ్ళోంచి పిల్లని కదపకూడదు. ఆ రోడ్డు మీద ఆ పూట ఒక్క ఆటో రాలేదు. వచ్చి వచ్చి ఒక ఇటుకల లారీ వచ్చింది. ఉషని ఎత్తి లారీ ముందు సీట్లో పడుకోబెట్టాక, ఏడుస్తూ వెంకీ మళ్ళీ తాళం తిప్పితే, బండి ఒక్క తిప్పుకే స్టార్టయింది. అది తలుచుకునే గున్నమ్మత్త నేల మీద తల కొట్టుకుంటుంది. "నా పిల్లని మోయడం దానికి ఇష్టం నేకపోనాది, దిగీసరికి దానికి పానం లేసొచ్చినాది" అంటుంది. లారీ నుంచి దింపేటప్పటికే ఉష లేదు. కడుపులో బిడ్డా లేదు.

బండికి ఇష్టం ఏమిటి నా మొహం. ఇనప ముక్కకి ఇష్టాలుండవు, రాగి తీగకి పగలుండవు. ఏదో ఒకటి వదులై ఉండాలి. అంతే, ఏదో ఒకటి వదులవుతుంది. మావ మాత్రం కొడుకే అన్నాడు. ఆ ముందు రోజు పెళ్ళిలో వెంకీ తాగాడట, దాని మత్తు దిగక క్లచ్చు వదిలేసి బండి ఆపేశాడట, కంగారులో మళ్ళీ స్టార్టు చేయలేకపోయాడట. దినం నాడే అందరి ముందూ, నా బిడ్డని సంపినోడు నా గుమ్మం తొక్కకూడదు అన్నాడు. వెంకీ మారు మాట్లాడకుండా గుజరాత్ రైలెక్కి వెరావల్ పోయి బోటు కూలీల్లో కలిశాడు. ఒడ్డుకి వచ్చినప్పుడల్లా నాకు ఫోన్ చేస్తాడు. "నాను తాగనేదన్నా. నిజిమే సెప్తన్నాను. దానంతటదే ఆగిపోనాది. నువ్వు ఇప్పి సూస్తే తెలస్తాది గదన్నా" అంటాడు. చూస్తానురా అంటాను. ఇన్నాళ్ళూ చూడలేదు. బండిని మావ ఎవరినీ ముట్టుకోనివ్వలేదు నిజమే. కానీ ఒక్కసారైనా నేనడిగానా? అడగలేదు. వెంకీ తప్పు కాకపోతే ఆ తప్పు ఎవరి మీదికి వస్తుందో నాకు తెలుసు. తీగ కోసినవాడు నేను, కలిపినవాడు నేను. కన్ను మూస్తే ఆ నీలం ముడే కనిపిస్తోంది. మెర్సీ, ప్రార్థన చేసుకుని పడుకో అంటుంది. ప్రభువా, నా జాయింటు గట్టిగా ఉండేలా చూడు అని ప్రార్థించాలా? జరిగిపోయినదానికి ప్రార్థన ఎలా చేస్తారో నాకు తెలీదు.

ఇదిగో, దొరికింది. స్టీరింగు కడ్డీ వెనకాల, ఉప్పు పొరలో, నా కట్టు. వేళ్ళతో పట్టుకున్నాను. అంతే. ఇంజను ఆగిపోయింది.

లోకంలో చప్పుడంతా ఒక్కసారి ఆగిపోయినట్టయింది, చర్చి మైకు కూడా వినబడలేదు. నా వేళ్ళ మధ్య ఆ ముడి. అయితే నేనే. ఉష చిన్నప్పుడు ఈ షెడ్డు ముందునుంచే స్కూలుకి పోయేది, పోతూ పోతూ బండ్ల హారన్లు నొక్కి పారిపోయేది. పెళ్ళికి నాకు లుంగీ పెట్టింది. అన్నా, నా కొడుక్కి కూడా కార్ల పని నేర్పుతావా అని మొన్న మొన్ననే కడుపు మీద చెయ్యి వేసుకుని అడిగింది. దాన్ని నా చేత్తోనే, ఈ వేళ్ళతోనే. బయట మావ లేచిన అలికిడి, చెప్పుల చప్పుడు. "ఏటయినాది?" అన్నాడు. "ఏం నేదు మావా, సూస్తన్నాను" అన్నాను. చెయ్యి పైకి చాచి తాళం తిప్పాను, స్టార్టయింది. మళ్ళీ అదే కట్టు పట్టుకుని లాగాను. ఊపాను. మెలిపెట్టాను. పళ్ళు బిగించి, తెగితే తెగు అన్నంత కోపంగా గుంజాను. ఇంజను కూని రాగం తీస్తున్నట్టు హాయిగా నడుస్తోంది. ఇదేమిటి? చేతులు తీసేసి రొమ్ము మీద పెట్టుకుని కదలకుండా పడుకున్నాను. కాసేపటికి, నేనేమీ ముట్టుకోకుండానే, టిక్. ఇంజను ఆగిపోయింది.

టిక్. ఆ చప్పుడు ఇంతకుముందు కూడా వచ్చే ఉంటుంది, భయంలో వినిపించుకోలేదు. జాయింటు వదిలితే టిక్ అనదు. ఊరికే ఆగిపోతుంది. టిక్ అన్నది రిలే. రిలే దానంతట అది విడిపోదు, ఎవరో చెప్తేనే విడిపోతుంది. చెప్పేది రిమోటు. రిమోటు తాళం గుత్తితోనే నా కళ్ళ ముందు వేలాడుతోంది, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఆ రోజూ అది అలాగే వేలాడుతూ ఉందని వెంకీ చెప్పాడు. అయితే పెట్టెతో పాటు వచ్చిన రెండో రిమోటు? మెడ వంచి నా కాళ్ళ సందులోంచి బయటికి చూశాను. మావకి స్టూలు వేసినా కూర్చోడు. పడవ అంచున కూర్చునే అలవాటు, ఎక్కడైనా గొంతుక్కూర్చుంటాడు. షెడ్డు గోడ పక్కన మోకాళ్ళు పొట్టకి ఆనించి ముడుచుకుని కూర్చున్నవాడు, ఇంజను ఆగడంతో లేచి నిలబడుతున్నాడు. నేను తాళం తిప్పాను. స్టార్టయింది. మావ మళ్ళీ గోడ పక్కకి పోయి, పంచె ఎగదోసుకుని, గొంతుక్కూర్చున్నాడు. టిక్.

"మావా, రెండో రిమోట్ ఏటయినాది?"

"ఏటవతాది? నా కాడే ఉన్నాది" అని నడుము తట్టి చూపించాడు. "ఎంకీగాడి సేతికిస్తే యే సంతలోనో పారేస్తాడని ఆ దినాల్నే మొలతాడుకి కట్టీసినాను. తొంగున్నా తియ్యను." పంచె మడత కింద, పొట్టకీ తొడకీ మధ్యన. వాళ్ళ వైపు మగాళ్ళందరూ అంతే, పెట్టె తాళమైనా తాయెత్తయినా మొలతాడే చోటు, చచ్చేదాకా ఒంటి మీద ఉండేది అదొక్కటే కదా. ముందు సీట్లో నిటారుగా కూర్చుంటే దానికి ఏమీ తగలదు. గొంతుక్కూర్చుంటే తొడ తగులుతుంది. మరి ఒళ్ళో తల పెడితే?

నవ్వాను. ప్రభువా, క్షమించు, డాష్‌బోర్డు కింద నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాను. నేను కాదు. నా కట్టు కాదు. ఒళ్ళంతా తేలికైపోయింది, పరుగెత్తుకుంటూ పోయి పాస్టరు గారి చేతిలో పళ్ళెం లాక్కుని రొట్టె తినేయాలనిపించింది, మెర్సీకి చెప్పాలి, వెంకీకి చెప్పాలి, ఒరే మనం కాదురా, మనిద్దరం కాదు. నవ్వు అక్కడే ఆగిపోయింది. మనిద్దరం కాకపోతే రిలేకి ఎవరో చెప్పాలి కదా మరి. ఉష తల ఆయన ఒళ్ళో. నొప్పికో భయానికో తండ్రి పొట్టకి మొహం ఆనించి అదుముకుని ఉంటుంది. ఏం కాదమ్మా, నానున్నాను అని ఆయన ఇంకా దగ్గరకి హత్తుకుని ఉంటాడు. ఆయన ఎంత గట్టిగా పట్టుకుంటే ఆ బటన్ అంత గట్టిగా అదిమి ఉంటుంది. వెంకీ తాళం తిప్పుతున్నాడు, ఆయన కొడుకుని తిడుతున్నాడు, కూతుర్ని హత్తుకుంటున్నాడు. ఒక్కసారి ఆ తల దించి సీటు మీద పెట్టి ఉంటే బండి స్టార్టయ్యేది. లారీలోకి మార్చడానికి దించారు, స్టార్టయింది. గున్నమ్మత్త చూసింది చూసినట్టే చెప్పింది, ఎవరం పట్టించుకోలేదు.

చెప్పనా? దేవుడు సత్యం చెప్పమంటాడు. ఈ సత్యం విన్న మనిషి ఈ షెడ్డు గుమ్మం దాటి ఇంటికి పోతాడా, బావి వెతుక్కుంటాడా? పోనీ ఏమీ దొరకలేదు మావా అని బయటికొచ్చేస్తే? అప్పుడు తప్పు వెంకీ మీదే ఉండిపోతుంది. మావ మొదటినుంచీ అనుకుంటున్నదే అది. వాడు ఆ గుజరాత్ నీళ్ళలో వలలు లాగుతూ అక్కడే ముసలివాడైపోతాడు, ఏదో ఒక రాత్రి బోటు మీంచి జారిపోయినా ఎవరూ అడగరు. మిగిలింది నేను. ఇప్పుడే, ఇంతకుముందే బరువు దిగిన నేను. ఏం మనిషినిరా నేను, ఉష పోయిందని ఏడవలేదు, నా పేరు నిలబడిందని నవ్వాను. కోపం వచ్చింది, ఎవరి మీదో తెలీదు, పిల్లుల మీద, కాకుల మీద, నా సైరన్ మీద, ఈ సరుకు కనిపెట్టినవాడి మీద. జేబులోంచి బ్లేడు తీశాను. ముందు అలారం పెట్టెని దాటించి కరెంటు తీగని నేరుగా కలిపేసి తాళం తిప్పి స్టార్టు చేశాను, ఇక ఏ రిమోటూ ఈ బండిని ఆపలేదు. తర్వాత నా పాత కట్టుని, నీలం ముడిని, చంటిపిల్లవాడి వేలంత ఉన్నదాన్ని, బొటనవేలి మీద పెట్టి నడిమికి కోశాను. గట్టిగా ఉంది. తెగడానికి మొరాయించింది. అంత బాగా కట్టానని అప్పుడే తెలిసింది.

బయటికి వచ్చాను. ఎండ కళ్ళలో పొడిచింది. బండి నడుస్తూనే ఉంది. మావ లేచి నిలబడి నా మొహం చూశాడు, తీర్పు వినబోయే మనిషిలా చేతులు కట్టుకున్నాడు. ఆ తెగిన ముక్క ఆయన చేతిలో పెట్టి, "ఎంకీ తప్పు నేదు మావా. ఉప్పు తినీసినాది. నా కట్టే ఊడిపోనాది, కరెంటు ఆగిపోనాది. నన్ను ఏటన్నా సెయ్యి" అన్నాను. కొడతాడనుకున్నాను. కొట్టాలనే కోరుకున్నాను. ఆయన కొట్టలేదు. ఆ ముక్కని వేళ్ళ మధ్య తిప్పాడు. తెగిన చోట నీలం తాడు అంచుని బొటనవేలితో తడిమాడు, మళ్ళీ తడిమాడు. అప్పుడు వెలిగింది నా మట్టి బుర్రకి. ఈయన బతుకంతా వలలు చూసిన మనిషి. రాతికి ఒరుసుకుని తెగిన తాడేదో, పెద్ద చేప కొరికిందేదో, పక్క ఊరోడు కత్తి పెట్టి కోసిందేదో చీకట్లో వేలు పెట్టి చెప్పేవాడు, వాటి మీద పెద్దలు కూర్చుని తీర్పులు చెప్పేవారు. ఒరుసుకున్న తాడు పోగులు పోగులుగా విచ్చుకుంటుంది. కోసినది ఇలా ఉంటుంది, నున్నగా.

"ఎజ్రా" అన్నాడు. "ఇది ఊడిపోనాదేటి?"

నేను నేల చూపులు చూశాను.

తర్వాత, నేను డాష్‌బోర్డు కిందనుంచి రెండో రిమోట్ ఏదని అడిగిన మాట గుర్తొచ్చిందో, తను కూర్చున్నప్పుడల్లా ఇంజను ఆగిన సంగతే గుర్తొచ్చిందో, ఆయన చెయ్యి నెమ్మదిగా నడుము మీదికి పోయింది. పంచె మడతలోంచి రిమోట్ పైకి తీసి చూశాడు. దాన్ని ఉన్నచోటే మళ్ళీ పెట్టి, దాని మీద అరచెయ్యి వేసి, పసిపిల్ల తల నిమిరినట్టు అలాగే ఉంచేశాడు. "తలకాయ ఇక్కడే ఎట్టినాది" అన్నాడు. "అయ్యా, ఏదో గుచ్చుకుంటన్నాది అన్నాది. మాటాడకమ్మా అన్నాను." నాకు ఏడుపు ఆగలేదు. ఇన్నాళ్ళూ రానిది అప్పుడు వచ్చింది, ముసలాయన ముందు వెక్కి వెక్కి ఏడ్చాను. ఆయన కళ్ళు మాత్రం ఎండిపోయి ఉన్నాయి. చర్చిలో ప్రార్థన అయిపోయి బెంచీలు జరుపుతున్న చప్పుడు వినిపించింది.

"ఎంకీకి పోను కలుపు" అన్నాడు. కలిపి స్పీకరు పెట్టాను. గాలి హోరు, బోట్ల మోత, ఆ వెనకాల వెంకీ గొంతు, అన్నా ఇప్పి సూసావా అంటూ. మావ ఫోను అందుకుని, "ఒరే, నానురా" అన్నాడు. "నీ తప్పు నేదు. ఎజ్రా తప్పూ నేదు. నువ్వు ఇంటికొచ్చీ." వెంకీ, "మరి ఎవుడి తప్పయ్యా?" అని అడిగాడు. నేను ఫోను లాక్కోబోయాను, ఏదో ఒకటి చెప్పేద్దామని. మావ చెయ్యెత్తి నన్ను ఆపాడు. "వచ్చినాక సెప్తాను" అన్నాడు. "నానే సెప్పాల."

ఫోను నాకిచ్చి బండి దగ్గరికి నడిచాడు. ఇంజను ఆగకుండా నడుస్తోంది. ముందు తలుపు నేను తీసి పట్టుకున్నాను, ఇంటి దగ్గర దింపుదామని. ఆయన దాన్ని దాటి పోయి వెనక తలుపు తీసుకుని ఎక్కాడు. ఆ రోజు కూర్చున్న చోటే కూర్చుని, పక్కన ఒక మనిషి పడుకునేంత జాగా వదిలి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, "ఇంక తోలు నాయనా" అన్నాడు.